మొదట వచ్చిన పేజీ

నేను రాసిన పేజీలన్నిటిలో ఎక్కువమంది చదివినది ఒకటుంది. అది చదివి, అందులో చెప్పింది చెప్పినట్టే చేసి, ఒక మనిషి కుడిచేతి వేళ్లు మూడు పోగొట్టుకున్నాడు. ఆ పేజీలో ఒక్క మాట కూడా తప్పు లేదు. ఈ సంగతి ఇంతవరకు కాగితం మీద పెట్టలేదు. ఇప్పుడు రిటైరయి ఇంట్లో కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్‌కు డాక్యుమెంటేషన్ రాసే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. పేర్లు ఎవరివీ రాయను.

మాది ఉప్పల్. ఉద్యోగమంతా నాచారం పారిశ్రామికవాడలోని ఒక మోస్తరు కంపెనీలో చేశాను. రేకును నొక్కి ఆకారం తీసే ప్రెస్ మిషన్లకు మా కంపెనీ ప్యానెళ్లు తయారుచేసేది. ప్యానెల్ అంటే మిషన్ పక్కన బిగించే ఇనప డబ్బా. దానికి చిన్న తెర, నాలుగు బటన్లు, లోపల మా సాఫ్ట్‌వేరు. మొదట్లో ఆ డబ్బాల్లో వైర్లు బిగించే వరుసలో చేరాను. నా మాట, రాత కాస్త బాగుంటాయని కొన్నేళ్లకు కస్టమర్ల ఫోన్లు ఎత్తే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ఫోన్లు ఎక్కువగా చర్లపల్లి, మల్లాపూర్, జీడిమెట్ల షెడ్ల నుంచి వచ్చేవి. చేసేది యజమాని కాదు, మిషన్ ముందు నిలబడ్డ ఆపరేటర్. వెనక మోత వినిపిస్తూ ఉండేది. పదిమందిలో ఆరుగురు ఒకే మాటతో మొదలుపెట్టేవాళ్లు.

"మేడం, ప్రెస్ నడుమల ఆగింది. మల్ల ఎట్ల చాలు జెయ్యాలె?"

రేకు ఇరుక్కుంటే ఎర్ర బటన్ కొట్టి మిషన్ ఆపుతారు. ఆపడం అందరికీ తెలుసు. తిరిగి నడిపించడమే తెలియదు. నేను నాలుగు ముక్కల్లో చెప్పేదాన్ని: ఎర్ర బటన్ తిప్పి వదలండి, రీసెట్ నొక్కండి, ప్రెస్ పై భాగం కొంచెం లేస్తుంది, ఇరుక్కున్న రేకు తీసేసి స్టార్ట్ నొక్కండి. అదే మాట రోజుకు ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. భోజనానికి లేచేసరికి గొంతు బొంగురుపోయేది.

కంపెనీకి వెబ్‌సైట్ పెట్టినప్పుడు, ఈ జవాబులన్నీ అందులో రాసిపెట్టమన్నారు. ఆగిన ప్రెస్‌ను నడిపించే జవాబుకు ఒక పేజీ రాసి, వాళ్ల ప్రశ్ననే దానికి పేరుగా పెట్టాను: 'ప్రెస్ నడుమ ఆగిపోయింది, మళ్లీ ఎట్లా చాలు చేయాలి?' చాలామంది ఫోన్లో తెలుగును ఇంగ్లిషు అక్షరాలతో కొడతారని, అడుగున ఆ మాటలూ చేర్చాను. అప్పటి పై అధికారి చదివి, ఇదేం పేరండీ, ఎవరో మాట్లాడినట్టుంది అన్నాడు. మాట్లాడినట్టే ఉండాలి సార్ అన్నాను.

అది పనిచేసింది. ఆపరేటర్లు ఆ పేజీని ఒకరికొకరు పంపుకున్నారు. బయట మిషన్లు బాగుచేసేవాళ్లు తమ సైట్లలో దానికి లింకులు పెట్టుకున్నారు. ఇంతమంది చూస్తున్న పేజీ మంచిదే అయి ఉంటుందని సెర్చ్ ఇంజన్ కూడా దాన్ని అన్నిటికంటే పైన చూపించడం మొదలుపెట్టింది. ఫోన్లు తగ్గాయి. నన్ను ఫోను బల్ల నుంచి లేపి, డాక్యుమెంటేషన్ అని అట్ట బోర్డు తగిలించిన గదిలో కూర్చోబెట్టారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ ఉప్పల్ చౌరస్తాలో పావుకిలో జిలేబీ కొనుక్కున్నాను.

కొన్నేళ్లకు, ఆకుపచ్చ తెర బదులు నీలం తెరతో కొత్త ప్యానెల్, దానిలో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చాయి. అందులో రీసెట్ బటన్ అర్థం మారింది. పాతదాంట్లో రీసెట్ నొక్కితే ప్రెస్ పై భాగం కొద్దిగా లేచి అక్కడే నిలబడేది. మనం స్టార్ట్ నొక్కేదాకా కదలదు. కొత్తదాంట్లోనూ అట్లాగే లేస్తుంది, కొన్ని క్షణాలు ఆగుతుంది, ఆ తర్వాత సగంలో ఆగిన దెబ్బను తనంతట తానే పూర్తిచేస్తుంది. పని తొందరగా నడుస్తుందని పెద్ద కస్టమర్లు అడిగి చేయించుకున్న మార్పు అది.

నాకు నచ్చలేదు. ప్రోగ్రాం రాసిన ఇంజనీరు దగ్గరికి వెళ్లాను.

"లోపల చెయ్యి ఉంటే ఎట్ల సార్?" అని అడిగాను.

"ముందు జాలీ తలుపు ఉంటుంది కదా మేడం. అది తెరిచి ఉంటే మిషన్ కదలదు."

"చిన్న షెడ్లల్ల ఆ తలుపు స్విచ్చుకు తీగ కట్టి, తలుపు తెరిచే పని జేస్తరు సార్. నేను ఫోన్లల్ల విన్న."

"అది వాళ్ల తప్పు" అన్నాడు. కోపంగా కాదు, నిజం చెబుతున్నట్టు అన్నాడు.

నేను చేయగలిగింది కొత్త పేజీ జాగ్రత్తగా రాయడమే. 'రీసెట్ నొక్కకముందే మెయిన్ స్విచ్ ఆపి, ఇరుక్కున్న రేకు తీసేయండి. రీసెట్ తర్వాత లోపల చెయ్యి పెట్టవద్దు' అని ఎర్ర అక్షరాల్లో పైనే రాశాను. అప్పటికి మా విభాగానికి కొత్త మేనేజర్ వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేసి వచ్చాడు. పేజీల పేర్లన్నీ ఒక పద్ధతిలో ఉండాలని నియమం పెట్టాడు. దాని ప్రకారం నా కొత్త పేజీకి 'అంతరాయానంతర పునఃప్రారంభ విధానం' అనే పేరు పడింది. మిషన్ ముందు నిలబడి, నూనె చేతులతో ఆ మాట టైప్ చేసే ఆపరేటర్ ఎక్కడా ఉండడని నాకు తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాను. నియమం కదా అనుకున్నాను.

మా సైట్‌ను చూసుకునే సహోద్యోగి ఒకతను ఉండేవాడు. నల్గొండ వైపు మనిషి, నాకంటే చాలా చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. కొత్త పేజీ పెట్టిన కొన్ని నెలలకు ఫోన్ పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అక్కా, సూడు. ఎంత ఎతికినా నీ పాత పేజే ముందుగాల వస్తుంది. కొత్తది కిందికి పోయి ఎతికినా కనబడతలేదు."

"మంచిదే గదా" అన్నాను నవ్వుతూ.

"మంచిది గాదక్కా. కొత్త ప్యానెల్ ఉన్నోళ్లు గూడ గిదే సదువుతరు."

ఏం చేయాలో కూడా అతనే చెప్పాడు. పాత పేజీ పైన, ఇది ఏ ప్యానెల్‌కో పెద్ద అక్షరాల్లో రాయాలి. కొత్త పేజీకి జనం వాడే మాటలతో పేరు పెట్టాలి. ఆపైన, పేజీ వెనకున్న కోడ్‌లో ఒక లైను చేరిస్తే, రెండింటిలో ఏది అసలుదో సెర్చ్ ఇంజన్‌కు తెలుస్తుంది. మొత్తం ఒక పూట పని. మేనేజర్ దగ్గరికి వెళ్లాం. సగంమంది కస్టమర్ల దగ్గర ఇంకా పాత ప్యానెళ్లే ఉన్నాయి, వాళ్లకు ఆ పేజీ బాగా పనికొస్తోంది, దాన్నెందుకు కదిలించడం, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. మా పని చేయాల్సిన పనుల జాబితాలో చేరి, అడుగున ఉండిపోయింది.

ఇంతవరకు మేనేజర్ సంగతి చెప్పాను. నా సంగతి కూడా చెప్పాలి. నెలకోసారి మీటింగులో గోడ మీద మా సైట్‌లోని పేజీల వరస చూపించేవాళ్లు. అన్నిటికంటే పైన నా పేజీ ఉండేది. పెద్ద చదువులు చదివినవాళ్ల మధ్య, వైర్లు బిగించే వరుస నుంచి వచ్చినదాన్ని, వెనక కుర్చీలో కూర్చుని, సంతోషం బయటపడకుండా పుస్తకంలోకి చూస్తున్నట్టు నటించేదాన్ని. ఆ పేజీ నెత్తిన 'ఇది పాతది' అని బోర్డు పెట్టాలంటే నాకు చేతులు రాలేదు. మేనేజర్‌ను ఇంకోసారి అడిగి ఉంటే ఒప్పుకునేవాడేమో. నేను అడగలేదు.

ఒక సోమవారం పొద్దున నేను ఆఫీసుకు వెళ్లేసరికి మేనేజర్ గది తలుపు మూసి ఉంది. కాసేపటికి నన్ను పిలిచాడు. చర్లపల్లిలో స్విచ్ బోర్డులకు రేకు డబ్బాలు చేసే చిన్న షెడ్డులో శనివారం ప్రమాదం జరిగిందట. మిషన్‌ది కొత్త ప్యానెల్. రేకు ఇరుక్కుంది. ఆపరేటర్ ఎర్ర బటన్ కొట్టి, ఫోన్లో వెతికి, మా సైట్‌లో చెప్పినట్టు రీసెట్ నొక్కాడు. పై భాగం లేచింది. చెయ్యి పెట్టాడు. జాలీ తలుపు స్విచ్చు తీగతో కట్టేసి ఉంది.

"మీరు కంగారుపడకండి మేడం" అన్నాడు మేనేజర్. అతని ముఖం పాలిపోయి ఉంది. "కొత్త పేజీలో హెచ్చరిక స్పష్టంగా ఉంది. వాళ్లు వేరే పేజీ చూసుకున్నారు."

"ఆ వేరే పేజీ గూడ మనదే గద సార్."

"ఇప్పుడా మాటలొద్దు. లాయర్ గారితో మాట్లాడాను. విచారణ అయ్యేదాకా సైట్‌లో ఒక్క అక్షరం కూడా మారకూడదు. మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది. ఏదో దాచినట్టూ ఉంటుంది."

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడి, ఆపరేటర్ టైప్ చేసి ఉంటాడనుకున్న మాటలు నా ఫోన్లో కొట్టాను. నా పేజీయే వచ్చింది. అన్నిటికంటే పైన.

మర్నాడు సాయంత్రం నేనూ, నల్గొండ సహోద్యోగీ దవాఖానాకు వెళ్లాం. కంపెనీ పంపలేదు, మేమే వెళ్లాం. వెళ్తూ బత్తాయిలు కొన్నాం. అవి తీసుకెళ్లడం కూడా నాకు సిగ్గుగానే ఉంది. ఆపరేటర్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. జనగామ దగ్గరి ఊరు, చిల్కానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు. మంచం పక్కన స్టూలు మీద భార్య. మేం ప్యానెల్ కంపెనీ వాళ్లమని చెప్పుకున్నాం. ఆమె లేచి స్టూలు నాకిచ్చి, తను గోడకు ఆనుకుని నిలబడింది.

నేను పరామర్శ మాటలేవో అన్నాను. అతను వినిపించుకోలేదు. అతనికి ఒకటే ఆలోచన.

"మేడం, మీరు కంపెనోళ్లు గద. జర నా ఫోన్ల సూసి చెప్పున్రి. నేను ఏ లైను తప్పు సదివిన్నో నాకు సమజైతలేదు. మా సేటు, నువ్వు సరిగ సదవలేదు అంటుండు. రెండు దినాల సంది గదే యాది జేస్తున్న."

భార్య ఫోన్ తీసి ఇచ్చింది. పేజీ తెరిచే ఉంది. అతను చదవమన్నాడు. నేను నా పేజీని అతనికి పైకి చదివి వినిపించాను. ఎర్ర బటన్ తిప్పి వదలండి. అతను తల ఊపాడు. రీసెట్ నొక్కండి. తల ఊపాడు. ప్రెస్ పై భాగం కొంచెం లేస్తుంది.

"లేసింది మేడం" అన్నాడు.

ఇరుక్కున్న రేకు తీసేయండి.

"గదే జేసిన గద" అన్నాడతను. నా వంక చూస్తూ పడుకున్నాడు. ఏ లైను తప్పో నేను చెబుతానని ఎదురుచూస్తున్నాడు.

నా పక్కన సహోద్యోగి కిటికీ వైపు తిరిగాడు.

"నువ్వు ఏ లైను తప్పు సదవలే తమ్మీ" అన్నాను. "అంత సక్కగనే జేసినవ్. కని ఈ పేజీ నీ మిషన్‌ది గాదు. పాత ప్యానెల్‌ది."

"గట్లని యాడ రాసి ఉంది?"

వేలితో పేజీని కిందిదాకా జరిపాను. చిట్టచివర, బూడిదరంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో 'వెర్షన్ 2' అని ఉంది. చూపించాను. అతను కళ్లు చిట్లించి చూశాడు.

"రెండంటే ఏంది మేడం?"

ఆ రెండు అనేది మాకోసం మేం పెట్టుకున్న గుర్తు. అతని ప్యానెల్ మీద ఏ అంకె ఉందో అతనికి ఎవరూ చెప్పలేదు.

"మునుపైతే మీ కంపెనీకి ఫోన్ జేస్తుంటిమి" అన్నాడు. "ఒక మేడం ఎత్తేది, మంచిగ జెప్పేది. గీ పేజీ వచ్చినంక ఫోన్ జేసుడు బంద్ జేసినం. రాసినోళ్లు గూడ మంచిగ రాసిన్రు, మన మాటలల్ల."

చెప్పకుండా వచ్చేసి ఉండొచ్చు. చెప్పమని నన్నెవరూ అడగలేదు. "రాసింది నేనే" అన్నాను.

అతను కళ్లు మూసుకున్నాడు. అతని భార్య ముందుకొచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఇప్పుడు ఎవరన్న ఎతికితే గూడ గిదే వస్తదా?" అని అడిగింది.

"వస్తది."

"ఇంక తీసెయ్యలేదా?"

విచారణ అనీ, లాయర్ అనీ ఏదో చెప్పబోయాను. ఆమె ముఖం చూసి మానేశాను. "తీసెయ్యలే" అన్నాను. ఆమె ఫోన్ కొంగులో చుట్టుకుని, మా ఇద్దరికీ ఎడంగా వెళ్లి నిలబడింది. మేం లేచి వచ్చేశాం.

మీరు అనుకోవచ్చు, ఆ తర్వాత నేను నేరుగా వెళ్లి పేజీ మార్చేశానని. లేదు. రెండు రోజులు మేనేజర్ చుట్టూ తిరిగాను. ఉన్న పేజీని ఉన్నట్టుగా అచ్చు తీసి, సంతకాలు పెట్టి లాయర్‌కు ఇద్దాం, ఆ తర్వాత మారుద్దాం, అప్పుడు దాచినట్టు ఎట్లా అవుతుంది అని అడిగాను. అతను తల పట్టుకుని విన్నాడు. "మీరు చెప్పేది నాకు అర్థం కావట్లేదనుకోకండి మేడం. అది నా చేతుల్లో లేదు" అన్నాడు. అతను అబద్ధం ఆడటం లేదు. అతనికీ పైనుంచి రోజుకు నాలుగు ఫోన్లు వస్తున్నాయి.

గురువారం ఫోను బల్ల దగ్గరి అమ్మాయి భోజనానికి వెళ్తూ, జర చూడమని నన్ను కూర్చోబెట్టింది. ఒక ఫోన్ వచ్చింది. ఎవరో ఆపరేటర్. నా పేజీ చూస్తూ మాట్లాడుతున్నాడు. రీసెట్ నొక్కాడట. పై భాగం లేచిందట.

"చెయ్యి పెట్టకు" అన్నాను. "మిషన్ కాడికెల్లి వెనక్కి జరుగు. నీ ప్యానెల్ తెర ఏ రంగుల ఉంది?"

అతనికి అర్థం కాలేదు. మోతలో వినబడలేదు. మళ్లీ అడిగాను, ఇంకా గట్టిగా. తెర ఆకుపచ్చ అన్నాడు. ఆకుపచ్చ తెర అంటే పాత ప్యానెల్. అతనికి ఏ ప్రమాదమూ లేదు, పేజీ అతనిదే. రేకు తీసుకో, స్టార్ట్ నొక్కు అని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఫోన్ చేశాడు కాబట్టి రంగు అడగగలిగాను. చేయనివాళ్లను ఎవరు అడుగుతారు?

సహోద్యోగి దగ్గరికి వెళ్లాను.

"తమ్మీ, నీ కంప్యూటర్ తెరిచిపెట్టి నువ్వు క్యాంటీన్‌కు పో. అరగంట దాకా రాకు."

అతను నా ముఖం చూశాడు. ఎందుకని అడగలేదు. "పాతది అచ్చు తీసి పెట్టుకున్నవా?" అని మాత్రం అడిగాడు. తీశాను, రెండు కాపీలు. ఒకటి కవర్లో పెట్టి లాయర్ పేరుతో టపాలో కూడా వేశాను.

అతను లేచి వెళ్లాడు. నేను కూర్చుని పాత పేజీ పైన ఎర్ర పట్టీ పెట్టాను. 'ఆగండి. మీ ప్యానెల్ తెర నీలం రంగులో ఉంటే ఈ పేజీ మీది కాదు' అని రాసి, కొత్త పేజీకి దారి ఇచ్చాను. కొత్త పేజీ పేరు కొట్టేసి, జనం అడిగే మాట పెట్టాను. మేనేజర్ నియమం పోయింది. అప్పుడే సహోద్యోగి తిరిగొచ్చాడు. పది నిమిషాలు కూడా కాలేదు. వెనక నిలబడి చూశాడు.

"గిట్ల సాలదక్కా" అన్నాడు. "పేజీ తెరవకముందే సెర్చ్‌ల రెండు మూడు లైన్లు కనబడతయ్ గద. నీ నాలుగు మాటలు అండ్లనే వస్తయ్. మస్తు మంది గవి సదివి, పేజీ తెరవకుంటనే పని జేసుకుంటరు. పట్టీ ఎవలు సూస్తరు?"

నాకు తట్టనే లేదు. నా నాలుగు ముక్కలు అంత పొట్టిగా, అంత బాగా కుదిరాయి కాబట్టే సెర్చ్ ఇంజన్ వాటిని నేరుగా ముందు చూపిస్తోంది. అతను నన్ను జరగమని, కుర్చీలో తను కూర్చున్నాడు. పేజీ మొదటి వాక్యాన్నే మార్చాం: 'ముందు మెయిన్ స్విచ్ ఆపండి, తర్వాత రేకు తీయండి.' ఇది పాత ప్యానెల్‌కైనా, కొత్తదానికైనా నష్టం చేయని మాట. ఇన్నేళ్లూ ఆ ఒక్క వాక్యం రాయాలని నాకు ఎందుకు తోచలేదో ఇప్పటికీ తెలియదు. వెనక కోడ్‌లో పెట్టాల్సిన లైను అతనే రాశాడు. పేజీలు మారాయి, వచ్చి చూసుకోమని సెర్చ్ ఇంజన్‌కు కబురు కూడా అతనే పెట్టాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇక్కడొకటి తెలియాలి. మనం పేజీ మార్చిన క్షణంలో లోకం మారదు. సెర్చ్ ఇంజన్ తన తీరిక చూసుకుని వచ్చి చదువుకుంటుంది. అప్పటిదాకా అది తన దగ్గరున్న పాత మాటలే చూపిస్తుంది. మర్నాడు పొద్దున లేస్తూనే ఫోన్లో వెతికాను. పాత నాలుగు ముక్కలే. ఆ మర్నాడూ అవే. ఆదివారం నాలుగుసార్లు చూశాను. కొత్త ప్యానెళ్లు కొన్నవాళ్ల జాబితా సర్వీస్ విభాగంలో తీసుకుని, ఒక్కొక్కరికి ఫోన్ చేయడం మొదలుపెట్టాను. రీసెట్ తర్వాత చెయ్యి పెట్టొద్దని చెప్పమనేదాన్ని. కొందరు విన్నారు. కొందరు యజమానులు, మా వాళ్లకు తెలుసులెండి అని పెట్టేశారు. ఒకాయన, ఏదైనా జరిగిందా మేడం అని అడిగాడు. జరిగింది అన్నాను.

రెండో వారం చివర్లో, ఆఫీసుకు వెళ్తూ బస్సులో హబ్సిగూడ దాటాక చూస్తే, కొత్త వాక్యం వచ్చింది. ముందు మెయిన్ స్విచ్ ఆపండి. నాకు సంతోషమేమీ కలగలేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

పేజీ మార్చింది నేనొక్కదాన్నే అని కాగితం మీద రాసిచ్చాను. సహోద్యోగి పేరు అందులో లేదు. నాకు మెమో ఇచ్చారు. విచారణలో మా కంపెనీ లాయర్, తప్పును కంపెనీ మీద నుంచి నా మీదికి నెడుతూ, ఆమె మార్చిందంటే ఆమెకే తెలుసు తన పేజీ తప్పని, అన్నాడు. షెడ్డు యజమాని తరపు లాయరూ అదే మాట అన్నాడు. ఆ ఇద్దరూ ఒప్పుకున్నది ఆ ఒక్క విషయమే. తలుపు స్విచ్చుకు తీగ ఎవరు కట్టారన్నది తేలలేదు. రీసెట్ అట్లా పనిచేయాలని ఎవరు అడిగారన్నది ఎవరూ అడగలేదు. చివరికి అందరూ కలిసి ఏదో రాజీ చేసుకున్నారు. ఆ వివరాలు నాదాకా రాలేదు.

నన్ను డాక్యుమెంటేషన్ నుంచి తీసి, పాత డ్రాయింగులు భద్రపరిచే గదికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. దుమ్ము తప్ప ఇబ్బందేమీ లేదు. మేనేజర్ ఒకసారి ఆ గదికి వచ్చి, కుర్చీ లేక నిలబడే ఉండి, పేజీల పేర్ల నియమం తీసేశామని చెప్పాడు. మంచిది సార్ అన్నాను.

మధ్యలో ఒకసారి చిల్కానగర్ వెళ్లాను. వాళ్ల గది కనుక్కోవడానికి చాలాసేపు పట్టింది. అతను ఇంట్లో లేడు. భార్య గడపలో నిలబడి, లేడు అని చెప్పింది. లోపలికి రమ్మనలేదు. మళ్లీ వస్తానని చెప్పి తిరిగొచ్చాను.

మీ పేజీ మొదట వస్తోందని ఎవరైనా మెచ్చుకుంటే మీరు సంతోషించండి, తప్పు లేదు. ఆ సంతోషం తీరాక, అది ఎవరి ముందుకు వస్తోందో, వాళ్ల చెయ్యి అప్పుడు ఎక్కడ ఉంటుందో ఒకసారి ఆలోచించండి. నాకు ఇంతకంటే బాగా చెప్పడం రాదు. మిగతా పనంతా, ఆ పట్టీలూ, కోడ్ లైనూ, ఒక్క పూటలో నేర్చుకోవచ్చు.

రిటైరయిన ఏడాదికి, కళ్లద్దాలు మార్పించుకోవడానికి ఏఎస్ రావు నగర్ వెళ్లాను. బజారులో ఒక కోచింగ్ సెంటర్ గేటు దగ్గర నీలం చొక్కా వేసుకుని అతను నిలబడి ఉన్నాడు. వాచ్‌మన్ పని. ముందు అతనే నన్ను గుర్తుపట్టాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. బయటికి తీయలేదు.

"బాగున్నరా మేడం" అన్నాడు.

బాగున్నానన్నాను. పని ఎట్లా ఉందని అడిగాను. నిలబడేదే గద అన్నాడు. పిల్ల బడికి పోతోందన్నాడు. ఈ ఆదివారం ఇంటికి వస్తానని నేనే అన్నాను.

అతను ఎడమచేత్తో గేటు దగ్గరికి లాగాడు.

"మేడం, ఆ దినం దవాఖానాల మీరు జెప్పిన్రు, నేను తప్పు సదవలేదని. మా సేటు అనలే, డాక్టరు అనలే, ఎవ్వలనలే. మీరే అన్నరు. గది మంచిగ జేసిన్రు" అన్నాడు. "కని ఇంటికి రాకున్రి. గప్పుడు మీరు వచ్చి పోయినంక మా ఆమె రెండు దినాలు అన్నం ముట్టలే."

సరే అన్నాను. లోపలి నుంచి ఎవరో అతన్ని పిలిచారు. వెళ్లొస్తా మేడం అని లోపలికి వెళ్లాడు. నేను కళ్లద్దాల దుకాణం దాకా నడిచాను. చిల్కానగర్‌కు మళ్లీ వెళ్లలేదు.